బెజవాడ ఎండలో వుడీ స్పైసీ సెంటు: ఎవరికి నప్పుతుంది, ఎలా ఎంచుకోవాలి

సెంటు షాపులో మగవాళ్ళ అరల ముందు నిలబడితే ‘వుడీ స్పైసీ’ అన్న మాట చెవిన పడకుండా బయటికి రావడం కష్టం. చెక్క వాసనలు, మసాలా దినుసుల వాసనలు కలిపి కూర్చిన రకం అది. దాని ప్రకటనల్లో ఎప్పుడూ ఒకడే మనిషి: గుబురు గడ్డం, తోలు జాకెట్టు, ఎడారిలో మోటార్ సైకిలు. ఆయన్ని తెచ్చి మే నెల మధ్యాహ్నం బెంజి సర్కిల్ సిగ్నల్ దగ్గర నిలబెడితే, పచ్చలైటు పడేలోపే జాకెట్టు విప్పేసి చెరుకురసం బండి వెతుక్కుంటాడు.

ఆ బొమ్మను పక్కన పెట్టేయండి. ఈ ఊరి ఎండకీ, ఉక్కకీ, మీ తీరుకీ సరిపడే సీసాను ఎలా పట్టుకోవాలో, పట్టుకున్నాక ఎలా వాడాలో చూద్దాం. నా లెక్క ఒక్కటే. ముఖం చూసి, వయసు చూసి సెంటు కొనకూడదు. రోజులో ఎక్కువసేపు మనుషులు మీకు ఎంత దగ్గరగా కూర్చుంటారో చూసుకుని కొనాలి.

ముందు ఇంట్లోనే ముక్కుకు పని చెప్పండి

షాపుకి వెళ్ళేముందు వంటింట్లోకి వెళ్ళండి. బిర్యానీ దినుసుల డబ్బా తీసి ఒక్కోటీ విడిగా వాసన చూడండి. ఏలక్కాయ ఒలిచి గింజలు నలిపితే చల్లగా, కాస్త కర్పూరం ఛాయతో ఉంటుంది. మిరియం దంచితే పొడిపొడిగా, ఎండుకట్టెకు దగ్గరగా ఉంటుంది. లవంగం పంటి డాక్టరు గదిని గుర్తు చేస్తుంది. రెండు చోట్లా ఉన్నది యూజెనాల్ అనే పదార్థమే. దాల్చినచెక్క వెచ్చగా, తియ్యగా ముక్కును పట్టేసుకుంటుంది. జాజికాయ వీటి మధ్య ఎక్కడో ఉంటుంది.

ఇప్పుడు పూజగదిలోకి రండి. గంధపు చెక్కను సాన మీద నాలుగు తిప్పులు తిప్పండి. తొలి నిమిషంలో పెద్దగా ఏమీ తెలియదు, మెల్లగా పాలమీగడలాంటి నునుపుతో వస్తుంది, వచ్చాక పోదు. చెక్క వాసనల గుణమే అది. తర్వాత పిల్లల పెన్సిలు చెక్కి ఆ పొట్టు వాసన చూడండి. సెంట్లలో సీడర్, అంటే దేవదారు, అని రాసేది ఇంచుమించు ఆ వాసనే. వట్టివేళ్ళు పూజాసామాన్ల కొట్లలో, మూలికల దుకాణాల్లో దొరుకుతాయి. వేసవిలో కిటికీలకు కట్టిన వట్టివేళ్ళ తడికల మీద నీళ్ళు చల్లిన ఇంట్లో పెరిగినవాళ్ళకు ఆ తడిమట్టి వాసన గురించి నేను చెప్పక్కర్లేదు. సీసా మీద వెటివర్ అని ఉంటే అదే. ఊద్ అంటే అగరు. అస్సాం అడవుల్లో పెరిగే చెట్టుకు తెగులు సోకినప్పుడు దాని కాండంలో ఊరే నల్లటి బంక కట్టిన చెక్క నుంచి వస్తుంది. అసలైన ఊద్ నూనె చాలా ఖరీదు. అందుకే మామూలు ధర సీసాల్లో ఉండేది ప్రయోగశాలలో కూర్చిన ఊద్ వాసనే, అందులో తప్పేమీ లేదు.

గుంటూరు వైపు వాళ్ళకు ఒక మాట. మీ మిర్చికి ఇక్కడ పెద్దగా చోటు లేదు. కారం పుట్టించే క్యాప్సైసిన్ గాలిలోకి ఆవిరై లేచేది కాదు, దానికంటూ వాసనా లేదు. మిర్చి యార్డు గేటు దాటగానే తుమ్ములు తెప్పించేది గాలిలో తేలే కారపు ధూళి. అది ముక్కు లోపలి పొరను మండిస్తుంది, అంతే. సెంటు మీద ‘చిల్లీ’ అని రాసి ఉన్నా అందులోది ఎండుమిర్చిని తలపించేలా కూర్చిన వాసన మాత్రమే.

ఈ ఇంటిపని అయ్యేసరికి ఒక సంగతి తేలుతుంది. ఈ దినుసుల్లో మీకు ఏవి హాయిగా ఉన్నాయి, ఏవి తల పట్టించాయి? చల్లటి ఏలకి, పొడి మిరియం నచ్చినవాళ్ళ దారి ఒకటి. దాల్చినచెక్క, లవంగం నచ్చినవాళ్ళ దారి ఇంకొకటి. రెంటినీ ఒకే పేరుతో ఒకే అరలో పెట్టి అమ్ముతారు గానీ, ఎండలో వాటి ప్రవర్తన పూర్తిగా వేరు.

మీకూ పక్కవాళ్ళకూ మధ్య ఎంత దూరం?

అసలు ఎంపిక ఇక్కడే. సాధారణంగా ఇచ్చే సలహా ఏమిటంటే, గంభీరంగా, దూకుడుగా ఉండే మనిషికి ఘాటైన సెంటు నప్పుతుందని. నాకు అది తలకిందులుగా కనిపిస్తుంది. గొంతు హాలు చివరిదాకా వినిపించే మనిషికి, నవ్వితే పక్క టేబుల్ వాళ్ళు తిరిగి చూసే మనిషికి ఘాటైన సెంటు తోడైతే భరించడం ఎవరి తరం? ఆయనకు నిమ్మ, నారింజ ఛాయలతో తేలికైన వట్టివేరు చాలు. చెక్క, మసాలా కలిసిన బరువైన వాసనలు అచ్చంగా నప్పేది నిదానస్తులకు. ఎదుటివాళ్ళు చెప్పింది పూర్తిగా విని తర్వాత నోరు విప్పేవాళ్ళకు. ఇస్త్రీ చేసిన నూలు చొక్కా, ఏళ్ళ తరబడి అదే గడియారం, ఫంక్షన్‌లో ఫొటోల ముందు వరసలో కాకుండా కుర్చీల దగ్గర పెద్దవాళ్ళతో కనిపించే రకం. అలాంటి మనిషి పక్కన కూర్చున్నాక, కాసేపటికి గంధం, మిరియం కలిసిన వాసన మెల్లగా తగిలితే బాగుంటుంది. మనిషి గురించి అప్పటికే ఏర్పడిన అభిప్రాయానికి అది సరిపోతుంది.

స్వభావం ఒక్కటే చాలదు, కొలువు కూడా చూడాలి. బ్యాంకు కౌంటర్‌లోనో, సెల్‌ఫోన్ షోరూంలోనో పనిచేసేవాళ్ళకూ జనానికీ మధ్య మూరెడు దూరం. అక్కడ ఏలకి, దేవదారు కలిసిన పలచటిది ఒక్క స్ప్రే చాలు. కాలేజీ లెక్చరర్‌కు ముందు వరస బెంచీ కొంచెం దూరమే గానీ, గదిలో ఫ్యాన్లు తిరుగుతూ వాసనను అందరికీ పంచుతాయి. వకీళ్ళ సంగతి వేరు. నల్లకోటు మీద సెంటు కొడితే అది గుడ్డలో నిలిచిపోతుంది, మర్నాటిది దానికి తోడవుతుంది, వారం తిరిగేసరికి కోటే మనకన్నా ముందు కోర్టు హాల్లోకి నడుస్తుంది. కోటు కింద ఒంటికి మాత్రమే రాసుకోవాలి. సూర్యారావుపేట ఆసుపత్రుల్లో పనిచేసే డాక్టర్లు, నర్సులు, ల్యాబ్ వాళ్ళు డ్యూటీ వేళల్లో సెంటు మానేయడమే మేలు. ఆయాసంతో, వాంతులతో వచ్చినవాళ్ళకు ఏ సువాసనైనా శిక్షే. మిర్చి యార్డులో కమిషన్ వ్యాపారం చేసేవాళ్ళకు పగటిపూట సెంటు డబ్బు దండగ. సాయంత్రం స్నానం చేసి బ్రాడీపేట వైపు షికారు వెళ్ళేటప్పుడు వాడుకోండి.

వయసు గురించి రెండు ముక్కలు. పద్దెనిమిది, ఇరవై ఏళ్ళ కుర్రాళ్ళు దాల్చినచెక్క, పొగాకు కలిపిన సెంటు కొడితే నాన్న కోటు తొడుక్కున్నట్టు ఉంటుంది. ఏలకితో మొదలుపెట్టండి. అరవై దాటిన పెద్దవాళ్ళకు గంధం, లవంగం చక్కగా ఒప్పుతాయి, కాకపోతే వయసుతో ముక్కు మందగిస్తుంది. తమకు తెలియడం లేదని ఇంకాస్త, ఇంకాస్త కొడుతుంటారు. ఎన్ని స్ప్రేలు చాలో ఇంట్లో మనవరాల్ని అడగండి, మొహమాటం లేకుండా చెబుతుంది.

ఋతువును బట్టి రెండుగా విడదీయండి

బెజవాడను బ్లేజ్‌వాడ అని ఊరికే అనలేదు. నడివేసవిలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటడం ఇక్కడ వార్త కాదు, దానికి ఉక్కపోత తోడు. వేడికి సెంటులోని పదార్థాలు త్వరగా ఆవిరవుతాయి. అంటే కొట్టుకున్న తొలి గంటలో ఘాటుగా గుప్పుమంటుంది, ఆ తర్వాత అనుకున్నదానికన్నా ముందే చప్పబడుతుంది. తియ్యటి వాసనలు ఈ గాలిలో మరీ బరువెక్కుతాయి. దాల్చినచెక్క, వెనిలా, పొగాకు కలిసిన సీసాలను యూరప్‌లో చలికాలపు సెంట్లంటారు. మన దగ్గర చలికాలం అంటే కార్తీకం చివరి నుంచి సంక్రాంతి దాటేదాకా, అదీ రాత్రిపూట. ఆ రకం సీసా కొంటే ఏడాదిలో వాడే రోజులు కొన్నే అని తెలిసి కొనండి.

మిగతా కాలమంతా పొడి చెక్కలు: వట్టివేరు, దేవదారు. వాటికి తోడు మిరియం, ఏలకి, అల్లం, పైన కాస్త నారింజ. ఈ కూర్పుకు మంచి ఉదాహరణ టెర్ డి’ఎర్మెస్. 2006లో జాన్ క్లాడ్ ఎలెనా తయారుచేసిన ఈ సెంటులో నారింజ, మిరియం, వట్టివేరు, దేవదారు ఉంటాయి. అంతకు ముందు 1998లో కార్టియే కోసం ఆయనే చేసిన డిక్లరేషన్‌లో ఏలకి ముందుంటుంది. రెండూ ఖరీదైనవే. కొనమని చెప్పడం లేదు, పెద్ద షాపులో ఒకసారి వాసన చూడండి, ఏ దిక్కున వెతకాలో తెలుస్తుంది. దాల్చినచెక్క, పొగాకు దారి ఎలా ఉంటుందో తెలియాలంటే 2012లో వచ్చిన స్పైస్‌బాంబ్ చూడండి. ఇక ఓల్డ్ స్పైస్ ఉండనే ఉంది. మగవాళ్ళ కోసం 1938లో మొదలైన ఆ లవంగం, జాజికాయ వాసన మన నాన్నల తరానికి గడ్డం గీసుకున్న ఉదయాల వాసన. ఈ తరం కుర్రాళ్ళు దాన్ని పాతకాలం అని తీసిపారేస్తారు గానీ, వాళ్ళు వేలు పోసి కొనే చాలా సీసాల్లో ఆ వంశం పోలికలు కనిపిస్తాయి.

తక్కువ ఖర్చులో కావాలంటే దేశీ బ్రాండ్లు బోలెడు. టైటాన్ వాళ్ళ స్కిన్ 2013 నుంచి ఉంది, దాదాపు ప్రతి మాల్‌లోనూ దొరుకుతుంది. ఆల్కహాల్ వద్దనుకునేవాళ్ళకు ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్ అత్తర్లు ఉన్నాయి. రాగి బానల్లో వట్టివేళ్ళు మరిగించి తీసే రూహ్ ఖస్ పచ్చటి రంగులో ఉంటుంది. మణికట్టు మీద ఒక చుక్క వేసుకుంటే ఎండాకాలం మధ్యాహ్నానికి దాన్ని మించింది నాకు తెలియదు. అత్తరు దూరం పోదు, ఒంటికి అంటిపెట్టుకుని ఉంటుంది. పైన చెప్పిన మూరెడు దూరం వాళ్ళకు ఇది వరం.

సీసా మీది అక్షరాలు

ఓ డి కొలోన్, ఓ డి టాయ్‌లెట్, ఓ డి పర్ఫ్యూమ్, పర్ఫ్యూమ్. ఈ వరసలో సుగంధద్రవ్యం పాలు పెరుగుతూ పోతుంది. కొలోన్‌లో సుమారు 2 నుంచి 5 శాతం, టాయ్‌లెట్‌లో 5 నుంచి 15, ఓ డి పర్ఫ్యూమ్‌లో 15 నుంచి 20, పర్ఫ్యూమ్‌లో అంతకు మించి. కచ్చితమైన హద్దులేమీ లేవు, కంపెనీని బట్టి మారుతుంది. పగలు ఆఫీసుకు టాయ్‌లెట్, రాత్రి పెళ్ళికి ఓ డి పర్ఫ్యూమ్ అనుకుంటే చాలు.

షాపులో ఎలా పరీక్షించాలి

భోజనం చేసి, కిళ్ళీ నమిలి వెళ్ళకండి. ఇంట్లో కొట్టుకున్న సెంటుతోనూ వెళ్ళకండి. కౌంటర్‌లో అబ్బాయి ‘సార్, ఇది చూడండి, ఇదీ చూడండి’ అంటూ అట్టముక్కలు వరసగా అందిస్తాడు. మూడో నాలుగో దాటాక ముక్కుకు తేడా తెలియదు. కాఫీ గింజల డబ్బా ముందుకు తోస్తారు గానీ దానివల్ల ఒరిగేదేమీ లేదు. బయటికొచ్చి రెండు నిమిషాలు గాలి పీల్చండి, లేదా మీ మోచేతి మడతలో ముక్కు పెట్టండి. ఎప్పుడూ తెలిసిన సొంత ఒంటి వాసన ముక్కును మళ్ళీ మామూలుకు తెస్తుంది.

అట్టముక్క మీద నచ్చిన రెంటిని మాత్రమే చేతుల మీద కొట్టించుకోండి, ఈ మణికట్టు మీద ఒకటి, ఆ మణికట్టు మీద ఒకటి. రెండు చేతులూ రుద్దకండి. ఆ తర్వాత డబ్బు తీయకుండా బయటికి నడవండి. ఇది ముఖ్యం. షాపులో ఏసీ ఉంటుంది, మీరు బతికేది ఏసీలో కాదు. మొదటి పావుగంట తెలిసేది నారింజ, నిమ్మ, మిరియం లాంటి పైపై వాసనలే. షాపు వాళ్ళు అమ్మేది ఆ పావుగంటనే. ఆ తర్వాత మసాలాలు వస్తాయి, గంటో రెండు గంటలో గడిచాక చెక్క మిగులుతుంది. మీరు రోజంతా మోయబోయేది ఆ చెక్కనే. బీసెంట్ రోడ్డులో మరో రెండు పనులు చూసుకోండి, బండి మీద ఏలూరు రోడ్డు దాకా వెళ్ళిరండి, చెమట పట్టనివ్వండి. అప్పుడు మణికట్టు వాసన చూడండి. చెమటతో కలిసి పులుపెక్కిందా, తలనొప్పి తెప్పిస్తోందా, లేక పక్కనున్న స్నేహితుడు ‘ఏం కొట్టావురా?’ అని తనంతట తానే అడిగాడా?

ఇంకో విచిత్రం ఉంది. ఈ తరం వుడీ సెంట్లలో ఐసో ఈ సూపర్ అనే పదార్థం బాగా వాడతారు. సన్నటి దేవదారు వాసన దానిది. కొందరి ముక్కుకు అది సరిగా అందదు, కాసేపు తెలిసి కాసేపు మాయమవుతుంది. మీకు సెంటు ఆగిపోయినట్టు అనిపించినా పక్కవాళ్ళకు బాగానే తెలుస్తుంటుంది. అందుకే ‘ఇది నిలవదండీ’ అని తేల్చేముందు ఇంకొకరి ముక్కును అడగాలి.

మసాలా సెంట్లు కొందరికి ఒంటికి పడవు. దాల్చినచెక్కలోని సిన్నమాల్డిహైడ్, లవంగంలోని యూజెనాల్ చర్మానికి దద్దుర్లు తెప్పించగల పదార్థాలుగా పేరుపడ్డవి. మోచేతి లోపలివైపు ఒక స్ప్రే కొట్టి ఒకటి రెండు రోజులు ఆగి చూడండి. ఎర్రబడినా, దురద పెట్టినా ఆ సీసా ఎంత నచ్చినా మానుకోండి. గీసుకున్న గడ్డం మీద మాత్రం ఏ సెంటూ కొట్టకండి.

రోజూ వాడే పద్ధతి

సెంటు చెమట వాసనను కప్పదు, దానితో కలిసి మూడో వాసన పుట్టిస్తుంది. చెమటకు దానంతట అదిగా వాసన లేదు, చర్మం మీది సూక్ష్మజీవులు దాన్ని కంపు చేస్తాయి. కాబట్టి స్నానం, ఉతికిన బనీను ముందు. చెమట తగ్గించే యాంటీపర్స్పిరెంట్‌ను రాత్రి పడుకునేముందు పొడి చంకలకు రాసుకుంటే పొద్దున రాసుకున్నదానికన్నా బాగా పనిచేస్తుంది. వాసన లేనిది తీసుకోండి, లేకపోతే డియోడరెంట్ ఒక రాగం, సెంటు ఇంకో రాగం పాడతాయి.

ఒళ్ళు పూర్తిగా ఆరాక, చొక్కా వేసుకోకముందు, జానెడు దూరం నుంచి ఛాతీ మీద ఒకటి, మెడ వెనక ఒకటి. వేసవి పగలు అంతే. ఛాతీ మీదిది చొక్కా కింద ఉండి మెల్లగా పైకి వస్తుంది. చర్మం పొడిబారిన వాళ్ళు ముందు కాస్త కొబ్బరినూనె అద్దితే సెంటు ఎక్కువసేపు నిలుస్తుంది, కాకపోతే మరీ తక్కువ అద్దాలి, లేకపోతే నూనె వాసనే గెలుస్తుంది. పండిట్ నెహ్రూ బస్టాండ్‌లో గుంటూరు బస్సు ఎక్కేవాళ్ళు ఒక్క స్ప్రేతో ఆపండి. గంటసేపు భుజానికి భుజం తగిలేలా కూర్చునే తోటి ప్రయాణికుడు దిగి పారిపోలేడు. ఇంద్రకీలాద్రి మీద దర్శనం క్యూకీ ఇదే మాట.

పెళ్ళిళ్ళలో ఈ రకం సెంటు బాగా ఇముడుతుంది. గంధం, పన్నీరు, మల్లెపూలు, హోమం పొగ అప్పటికే గాలిలో ఉంటాయి, చెక్క వాసన వాటితో కలిసిపోతుంది. పట్టుపంచె మీద మాత్రం కొట్టకండి, మరక పడుతుంది. ముందు ఒంటికి కొట్టుకుని, ఆరాక కట్టుకోండి. ఇంకో చిన్న హెచ్చరిక: ఏలకి సెంటుతో భోజనాల వరస దగ్గర నిలబడితే ఎవరికీ మీరు తెలియరు, పాయసం ఎక్కడుందా అని చూస్తారు.

కొనేటప్పుడు, దాచేటప్పుడు

తొలిసారే 100 మిల్లీలీటర్ల సీసా వద్దు. ఒక స్ప్రేకి సుమారు మిల్లీలీటరులో పదో వంతు పోతుంది. రోజుకు రెండు స్ప్రేలు వాడినా అంత సీసా ఏడాదికి పైనే వస్తుంది, ఈలోపు మొహం మొత్తుతుంది. 10 మిల్లీలీటర్ల చిన్న సీసాలు అమ్మే బ్రాండ్లు ఇప్పుడు చాలా ఉన్నాయి. విదేశీ సరుకైతే అట్టపెట్టె మీద దిగుమతిదారు పేరు, చిరునామా, రిజిస్ట్రేషన్ నంబరు, ఎమ్మార్పీ ఉన్నాయో లేదో చూడండి. పెట్టె మీది బ్యాచ్ నంబరు సీసా అడుగునున్న నంబరుతో కలవాలి. ఫుట్‌పాత్ మీద నాలుగు వందలకు దొరికే పెద్ద పేర్ల సీసాలు ఏమిటో మీకు తెలుసు.

ఇంటికి తెచ్చాక బీరువాలో, దాని పెట్టెలోనే ఉంచండి. వేడి, వెలుతురు సెంటును చెడగొడతాయి. బాత్రూం అల్మారా, పడమటి కిటికీ పక్క అద్దం బల్ల, కారు డాష్‌బోర్డు, ఈ మూడూ పనికిరావు. ఎండలో మూసిన కారు లోపల వేడి ఎంత ఉంటుందో స్టీరింగ్ పట్టుకున్నవాళ్ళను అడగండి. సెంటులో ఎక్కువ భాగం ఆల్కహాలే కాబట్టి దీపం వెలుగుతున్న పూజగదిలో, గ్యాస్ పొయ్యి దగ్గర కొట్టుకోకండి. కొత్తగా కొనదలిస్తే ఒకటే పట్టింపు: మే నెలలో పరీక్షించి నచ్చింది ఏడాదంతా నడుస్తుంది, డిసెంబరులో నచ్చింది మాత్రం మే నెలలో ఇంకోసారి చూశాకే పెద్ద సీసా కొనండి.